విడాకులు మంజూరు కాకముందే తమ్ముడు మరణించాడు: ఆస్తి ఎవరికి చెందుతుంది, ఇప్పుడు ఏం చేయాలి?

మీరు వివరించిన పరిస్థితిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీ తమ్ముడు, మరదలు ఐదేళ్లుగా వేరుగా ఉంటున్నారు. పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద ఒక ఒప్పందం రాయించగా ఆమె 6 లక్షల రూపాయలు తీసుకుని, ఇకపై తనకు ఏ హక్కూ లేదని సంతకం చేసింది. ఆ తరువాత ఇద్దరూ కలిసి పరస్పర అంగీకార విడాకులకు కోర్టులో పిటిషన్ వేశారు, కానీ రెండోసారి హాజరై వాంగ్మూలం ఇచ్చే లోపే మీ తమ్ముడు మరణించాడు. తొమ్మిదేళ్ల పాప తల్లి దగ్గర పెరుగుతోంది. మీ తమ్ముడి పేరున బ్యాంకు రుణం తీరని ఒక ఫ్లాటు, పీఎఫ్, మీ తల్లిగారు నామినీగా ఉన్న ఎల్ఐసీ పాలసీ, 2021లో గతించిన మీ తండ్రిగారి పేరున ఇంకా పంచుకోకుండా ఉన్న 3 ఎకరాల 20 సెంట్ల భూమిలో వాటా ఉన్నాయి. బీరువాలో దొరికిన ఒక తెల్లకాగితం మీద తన సర్వస్వం తల్లికే చెందాలని అతను స్వహస్తంతో రాసి సంతకం చేశాడు, సాక్షుల సంతకాలు మాత్రం లేవు. చివరగా, భర్తకు దూరంగా ఉంటున్న మీ చెల్లెలి విషయమూ అడిగారు. మీరు హిందువులని, వివాహం హిందూ వివాహ చట్టం కిందనే జరిగిందని రాశారు కనుక ఆ చట్టాల ప్రకారమే సమాధానం చెబుతున్నాను.

మీకు నచ్చని మాటను ముందే చెప్పడం మంచిది. మీ మరదలు నేటికీ చట్టం దృష్టిలో మీ తమ్ముడి భార్యే, అంటే ఇప్పుడు అతని వితంతువు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద మొదటి విడతలో ఇద్దరూ ఇచ్చిన వాంగ్మూలం విడాకులు కాదు. రెండో విడత పూర్తయి న్యాయమూర్తి డిక్రీ ఇచ్చిన రోజునే వివాహం రద్దవుతుంది. దంపతులలో ఒకరు డిక్రీకి ముందే మరణిస్తే ఆ పిటిషన్ అంతటితో ముగిసిపోతుంది, దానిని తల్లి గాని, అన్నదమ్ములు గాని కొనసాగించే వీలు లేదు. ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భాలలో కోర్టు మినహాయించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. అన్నేళ్లు వేరుగా ఉన్నవారు ఆ మినహాయింపు కోరి ఉంటే విషయం ముందే తేలిపోయేదేమో గాని, ఇప్పుడు ఆ చర్చ వలన ప్రయోజనం లేదు.

పెద్దమనుషుల కాగితం గురించి మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నట్లు కనిపిస్తోంది. స్టాంపు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన హిందూ వివాహం రద్దు కాదు. ఒక కులంలో లేదా సముదాయంలో అనాదిగా ఆచారం ద్వారా విడాకులు తీసుకునే పద్ధతి ఉంటే దానిని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ రెండో ఉపవిభాగం కాపాడుతుంది. అయితే ఆ ఆచారం ఉన్నదని, అది నిరంతరంగా, నిర్దిష్టంగా పాటింపబడుతోందని వాదించేవారే పేర్కొని, సాక్ష్యంతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ కేసులో స్పష్టం చేసింది. మీ విషయంలో మరొక చిక్కు ఉంది. ఆ కాగితంతోనే వివాహం తెగిపోయిందని మీ తమ్ముడు నమ్మి ఉంటే, తరువాత కోర్టుకు వెళ్లి విడాకులు కోరవలసిన అవసరమే ఉండదు. ఎదుటి పక్షం న్యాయవాది క్రాస్ పరీక్షలో మొదట అడిగేది ఇదే.

ఇక ఆమె హక్కులు వదులుకున్న మాట. మనిషి బ్రతికి ఉండగా అతని ఆస్తి మీద వారసులకు ఉండేది ఆశ మాత్రమే, హక్కు కాదు. అటువంటి ఆశను బదిలీ చేయడం కుదరదని ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ మొదటి క్లాజు చెబుతుంది. తగిన ప్రతిఫలం తీసుకుని వారసత్వాన్ని వదులుకున్న వ్యక్తి, తరువాత మాట మార్చకుండా కోర్టు అడ్డుకున్న సందర్భాలు లేకపోలేదు, 1972లో గులాం అబ్బాస్ కేసు అటువంటిదే. కానీ మీరు పంపిన ఒప్పందంలోని వాక్యాలను బట్టి చూస్తే ఆ 6 లక్షలు ఆమె మనోవర్తికి, పెళ్లినాటి బంగారానికి లెక్క కట్టి ఇచ్చినవి. దానిని వారసత్వానికి ప్రతిఫలంగా చూపడం బలహీనమైన వాదన అని నా అభిప్రాయం. పైగా ఆ ఒప్పందంలో పాప తరఫున ఎవరు ఏమి రాసినా అది పాపను కట్టడి చేయదు.

ఆమె అతన్ని వదిలి వెళ్లిపోయిందని, అనారోగ్యంలో చూడలేదని మీరు రాసిన పేరా చదివాను. ఆ బాధ అర్థమవుతుంది, కానీ వారసత్వ చట్టం నడవడికను తూచదు. భర్తను విడిచి ఉండటం, సేవ చేయకపోవడం, ఆఖరికి వేరే సంబంధం ఉన్నదన్న ఆరోపణ కూడా భార్య వారసత్వాన్ని పోగొట్టవు. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసిన లేదా హత్యకు సహకరించిన వ్యక్తికే వారసత్వం నిషిద్ధం. ఆమె రేపు మరొకరిని పెళ్లి చేసుకున్నా, మీ తమ్ముడి మరణంతో ఆమెకు సంక్రమించిన వాటా తిరిగి మీకు రాదు. కాబట్టి ఆమె ప్రవర్తన గురించిన సాక్ష్యాల కోసం డబ్బు, కాలం ఖర్చు చేయవద్దు.

ఇప్పుడు బీరువాలో దొరికిన కాగితం సంగతి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఫలానా భాషలో లేదా నమూనాలో ఉండాలన్న నియమమూ లేదు. కానీ భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ఒక్క విషయంలో కఠినంగా ఉంటుంది. రాసిన వ్యక్తి సంతకం చేస్తుండగా చూసిన, లేదా అది తన సంతకమేనని అతడే చెప్పగా విన్న కనీసం ఇద్దరు సాక్షులు, అతని సమక్షంలో సంతకం చేయాలి. ఆ ఇద్దరూ లేనప్పుడు చేతిరాత మీ తమ్ముడిదేనని నిపుణుడు నిర్ధారించినా, అందులోని కోరిక ఎంత స్పష్టంగా ఉన్నా, అది వీలునామా కాదు. ఈ దశలో మీ చుట్టూ ఉన్నవారెవరో ఒకరు, ఇద్దరు నమ్మకస్తుల చేత పాత తేదీతో సంతకాలు చేయిస్తే సరిపోతుంది కదా అని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. వీలునామాను రుజువు చేయాలంటే కనీసం ఒక సాక్షి కోర్టు బోనెక్కి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరి ఎదుట సంతకం జరిగిందో చెప్పవలసిందే. అబద్ధపు సాక్షి అక్కడ నిలబడలేడు, నిలబడలేకపోతే మీరంతా ఫోర్జరీ కేసులో నిందితులవుతారు. ఆ కాగితాన్ని ఉన్నది ఉన్నట్లుగా భద్రపరచండి. వీలునామాగా పనికిరాకపోయినా, రాజీ చర్చలలో అతని మనసులోని మాటగా మీ తల్లిగారు దానిని చూపవచ్చు.

అందుచేత మీ తమ్ముడు వీలునామా లేకుండా మరణించినట్లే లెక్క. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8, 10 సెక్షన్ల ప్రకారం మొదటి తరగతి వారసులైన భార్య, కుమార్తె, తల్లి ముగ్గురికీ సమాన వాటాలు వస్తాయి. మీరు, మీ చెల్లెలు రెండో తరగతిలోని వారు. మొదటి తరగతిలో ఒక్కరు బ్రతికి ఉన్నా రెండో తరగతి వరకు ఆస్తి రాదు. మీకు నేరుగా ఏమీ రాదన్న మాట వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ ఇకమీదట ఈ వ్యవహారంలో మాట్లాడవలసిన వ్యక్తి మీ తల్లిగారు, మీరు ఆమెకు తోడుగా ఉన్నవారు మాత్రమే. వకాల్తా మీద సంతకం కూడా ఆమెదే కావాలి.

ఫ్లాటు స్వార్జితం కనుక అందులో ముగ్గురికీ మూడో వంతు చొప్పున చెందుతుంది. రుణం కూడా ఆ ఆస్తితో పాటే వస్తుంది. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి విలువ మేరకే అప్పుకు బాధ్యులు, మీ తల్లిగారి సొంత సొమ్ము జోలికి బ్యాంకు రాలేదు. రుణం ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు రుణగ్రహీత పేరున బీమా చేయిస్తాయి, ప్రీమియం కూడా రుణంలోనే కలిపేస్తాయి, ఆ సంగతి ఇంట్లోవారికి తెలియదు. రుణ ఒప్పందం నకలు, ఖాతా వివరాలు రాతపూర్వకంగా అడిగి ఆ బీమా ఉన్నదో లేదో ముందు చూడండి. ఉంటే రుణం మొత్తం తీరిపోవచ్చు. ఈలోగా వాయిదాలు ఆగిపోకుండా చూసుకోండి, ఎవరు చెల్లిస్తే వారు రశీదులు దాచుకుంటే పంపకంలో సర్దుబాటు కోరవచ్చు.

భూమి లెక్క కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మీరు అనుకుంటున్నట్లు అది అన్నదమ్ములిద్దరికీ చెరిసగం కాదు. అది మీ తాతగారి నుంచి వచ్చిన పిత్రార్జితమని, ఇంతవరకు భాగపంపిణీ జరగలేదని, మీ తండ్రిగారు వీలునామా రాయలేదని అనుకుందాం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణ తరువాత కుమార్తె కూడా పుట్టుకతోనే కుమారుడితో సమానంగా సమష్టి కుటుంబ ఆస్తిలో హక్కుదారు. తండ్రి ఎప్పుడు మరణించాడన్నది దీనికి అడ్డు కాదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో 1986లోనే నడిచింది, కాకపోతే అప్పటి సవరణ అవివాహిత కుమార్తెలకే పరిమితమైంది. కాబట్టి మీ చెల్లెలికి పెళ్లయినా హక్కు ఉంది.

భూమిని పదహారణాలుగా లెక్క కడదాం. మీ తండ్రిగారి మరణం నాటికి భాగం జరిగినట్లు ఊహిస్తే తండ్రికి, మీకు, మీ తమ్ముడి శాఖకు, చెల్లెలికి నాలుగణాల చొప్పున వస్తుంది. దక్షిణాదిన భార్యకు పంపకంలో విడిగా వాటా ఇచ్చే ఆచారం ఎప్పుడో పోయింది కనుక ఆ లెక్కలో మీ తల్లిగారికి వాటా ఉండదు. ఆ తరువాత తండ్రిగారి నాలుగణాలు మీ తల్లిగారికి, ముగ్గురు పిల్లలకు అణా చొప్పున సంక్రమిస్తాయి. మీ తమ్ముడి శాఖకు వచ్చిన నాలుగణాలలో అతని కూతురు పుట్టుకతోనే సగానికి హక్కుదారు, అంటే రెండణాలు పాపవే, వాటికి ఎవరి మరణంతోనూ పని లేదు. మీ తమ్ముడికి మిగిలినవి ఆ రెండణాలు, తండ్రి నుంచి వచ్చిన ఒక అణా, మొత్తం మూడణాలు. అవి భార్యకు, కూతురికి, తల్లికి అణా చొప్పున వెళతాయి. మీ భూమి 320 సెంట్లు కనుక అణా అంటే సరిగ్గా 20 సెంట్లు. మీ శాఖకు 100, చెల్లెలికి 100, పాపకు 60, మీ తల్లిగారికి 40, మీ మరదలికి 20 సెంట్లు. ఆ భూమి మీ తండ్రిగారి స్వార్జితమైతే లెక్క మారుతుంది: అప్పుడు తల్లికి, ముగ్గురు పిల్లలకు 80 సెంట్ల చొప్పున, మీ తమ్ముడి 80 సెంట్లలో ముగ్గురికి తలా 26 సెంట్ల పైచిలుకు. అందుకే మీ తండ్రిగారికి భూమి ఏ దస్తావేజు ద్వారా వచ్చిందో, పాత అడంగల్‌లో, 1బీలో ఎవరి పేరున్నదో ముందు తీయించండి. పాస్‌పుస్తకంలో ఒక్కరి పేరే ఉండటం హక్కును తేల్చదు.

పాలసీ డబ్బు విషయంలో నామినీకి ఉన్న స్థానం చాలామందికి తెలియదు. నామినీ సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమేనని, యజమాని కాదని సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో చెప్పింది, బ్యాంకు ఖాతాలకూ ఇదే వర్తిస్తుంది. కంపెనీ వాటాల విషయంలో 2023లో శక్తి యజ్దానీ కేసులో అదే సూత్రాన్ని నిలబెట్టింది. జీవిత బీమాకు మాత్రం 2015 సవరణ ద్వారా బీమా చట్టం 39వ సెక్షన్‌లో కొత్త నియమం వచ్చింది: తల్లిదండ్రులను, భార్యాభర్తలను, పిల్లలను నామినీగా పెడితే ఆ సొమ్ము లబ్ధి కూడా వారిదే. దీని ప్రకారం మీ తల్లిగారికి గట్టి ఆధారం ఉంది. అయినా ఈ నియమం వారసుల వాటాను పూర్తిగా తోసేస్తుందా అన్న విషయంలో హైకోర్టులు ఒకే మాట మీద లేవు. మీ తల్లిగారు క్లెయిమ్ చేసి సొమ్ము తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. కాకపోతే వ్యవహారం తేలేవరకు అందులో పెద్ద భాగాన్ని డిపాజిట్‌గా ఉంచడం వివేకం.

పీఎఫ్‌కు దాని పథకం నిబంధనలు వేరు. కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యుల పేరునే నామినేషన్ ఇవ్వాలి, కుటుంబం లేని దశలో రాసినది కుటుంబం ఏర్పడ్డాక చెల్లదు. పురుష సభ్యుడి కుటుంబం అంటే భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు. పెన్షన్ వితంతువుకు, పాపకు వెళుతుంది, మీ తల్లిగారు దానికోసం పోటీ పడటంలో అర్థం లేదు. ఉద్యోగంలో ఉండగా మరణించాడు కనుక ఈడీఎల్ఐ అనే బీమా కూడా వర్తిస్తుంది, గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు. దీనిని అడగని కుటుంబాలు నాకు తరచూ తారసపడుతుంటాయి.

కాగితాల క్రమానికి వస్తాను. మరణ ధ్రువపత్రం తరువాత మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. అందులో మీ మరదలి పేరు, పాప పేరు తప్పకుండా రాయించండి. వేరుగా ఉంటున్నారు కదా అని ఆ పేర్లు వదిలేసి పత్రం తెచ్చుకుని, దానితో బ్యాంకులో సొమ్ము తీసుకుని, తరువాత క్రిమినల్ కేసులో ఇరుక్కున్నవారు ఉన్నారు. ఆ పత్రం బంధుత్వాన్ని చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో నిర్ణయించదు. బ్యాంకు నిల్వలు, బాకీలు, వాటాల వంటి చరాస్తికి అవసరమైతే భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కోరాలి, దానికి సొమ్మును బట్టి కోర్టు రుసుము ఉంటుంది. ఇల్లు, పొలం వంటి స్థిరాస్తికి ఆ పత్రం పనికిరాదు. అక్కడ దారులు రెండే: అందరూ అంగీకరించి రిజిస్టరు చేసుకునే భాగపంపిణీ దస్తావేజు, లేదా విభాగ దావా.

ఫ్లాటు అమ్మి పంచుకోవాలని మీరు అనుకుంటే పాప వాటా దగ్గర ఆగాలి. తండ్రి లేనందున తల్లే సహజ సంరక్షకురాలు, అయినా మైనర్ స్థిరాస్తిని అమ్మాలంటే హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ కింద ఆమె జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే పాప మేజరైన మూడేళ్లలోగా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోగలదు. ఈ కారణం చేత తెలివైన కొనుగోలుదారు అటువంటి ఫ్లాటు జోలికి రాడు, వచ్చినా ధర తగ్గించి అడుగుతాడు.

నా సలహా దావా కాదు, రాజీ. మీ తల్లిగారికి చేతిలో సొమ్ము, నెలనెలా ఆదాయం కావాలి. మీ మరదలికి, పాపకు తలదాచుకునే ఇల్లు కావాలి. బీమా సొమ్ము మీ తల్లిగారికి, ఫ్లాటు పాపకు, మీ మరదలికి కలిపి ఉండేటట్లు, పొలంలోని చిన్న చిన్న వాటాలు ఒకరికొకరు సర్దుకునేటట్లు మాట్లాడుకునే అవకాశం మీ కేసులో నిజంగా ఉంది. 20 సెంట్ల కోసం ఆమె, ఆ 20 సెంట్లు ఇవ్వనందుకు మీరు, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం ఎవరికీ లాభం కాదు. మీ తల్లిగారు మహిళ కనుక ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద ఆమెకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, ఆ హక్కు మీ మరదలికీ అంతే ఉంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పంపమని అక్కడే అడగండి. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అయితే పాప వాటాకు సంబంధించిన షరతులు ఆమెకు మేలు చేసేవిగా ఉండాలి, కోర్టు దానిని విడిగా పరిశీలిస్తుంది. మీరు సొంతంగా న్యాయవాదిని పెట్టుకుంటే విడాకుల కేసు చూసిన వారినే కొనసాగించాలని లేదు. ఇది ఇప్పుడు పూర్తిగా సివిల్ వ్యవహారం, విభాగ దావాలు నడిపిన అనుభవం ఉన్నవారు కావాలి.

ఒకవేళ మీ తమ్ముడు డిక్రీ పొందిన తరువాత మరణించి ఉంటే భార్య వారసురాలు అయ్యేది కాదు, పాప మాత్రం అప్పుడూ వారసురాలే. కానీ ఆ డిక్రీ భార్య పరోక్షంలో ఏకపక్షంగా వచ్చినదైతే, భర్త మరణించాక కూడా దానిని రద్దు చేయమని ఆమె కోరవచ్చునని 1996లో యల్లవ్వ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయపరమైన వేర్పాటు డిక్రీ ఉన్నా భార్యాభర్తల బంధం రద్దు కాదు, వారసత్వమూ పోదు. ముస్లింలకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న వారిలో కొందరికి వారసత్వ నియమాలు వేరు. ఇదే పరిస్థితిలో ఉన్న ఆ కుటుంబాల వారు పై వాటాలను తమకు అన్వయించుకోకూడదు.

మీ చెల్లెలి విషయం ఆఖర్న రాశారు గాని, నిజానికి అత్యవసరం అదే. తన సంపాదనతో కొన్న ఇల్లు ఆమె పేరున ఉంది, పిల్లలు లేరు, విడాకులు కాలేదు. ఆమె వీలునామా రాయకుండా మరణిస్తే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ ఇల్లు మొత్తం భర్తకు వెళుతుంది. భర్త అప్పటికి లేకపోతే అతని వారసులకు వెళుతుంది, వారెవరూ లేనప్పుడే మీ తల్లిగారి వంతు వస్తుంది. ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి 2009 నాటి ఓంప్రకాశ్ కేసు చాలు. పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుని, అత్తింటివారు పంపేయగా పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ స్వార్జితం, ఆమె తల్లికి కాక భర్త తరఫు వారసులకే చెందుతుందని సుప్రీంకోర్టు చట్టాన్ని బట్టి తీర్పు ఇవ్వవలసి వచ్చింది. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు, తండ్రి వారసులకు తిరిగి వస్తుంది గాని, సొంతంగా కొన్న ఇంటికి ఆ రక్షణ లేదు. మీ తండ్రిగారి భూమిలో ఆమెకు వచ్చే 100 సెంట్లకు ఆ రక్షణ ఉన్నదనుకుని నిశ్చింతగా ఉండవద్దు, దానిని కూడా వీలునామాలో చేర్చమనండి. సమష్టి కుటుంబ ఆస్తిలోని వాటాను సైతం వీలునామా ద్వారా ఇచ్చే అధికారం అదే చట్టంలోని 30వ సెక్షన్ ఇస్తోంది.

ఆ వీలునామా విడాకుల కోసం ఆగకూడదు, ఈ వారమే రాయాలి. ఆస్తి వివరాలు, ఎవరికి ఏమి చెందాలో స్పష్టంగా రాసి, భర్తకు ఎందుకు ఇవ్వడం లేదో ఒకటి రెండు వాక్యాలలో చెప్పాలి. సహజ వారసుడిని కారణం చెప్పకుండా వదిలేస్తే కోర్టులు ఆ వీలునామాను అనుమానంగా చూస్తాయి, 1958 నాటి వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి ఇదే ధోరణి. సాక్షులుగా ఆమె కంటే చిన్న వయసువారు, సులువుగా దొరికేవారు, ఆస్తిలో ఏమీ పొందనివారు ఉండాలి. మీకు ఏదైనా రాస్తున్నట్లయితే మీరు ఆ పని ముందుండి నడిపించవద్దు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆమె పక్కన నిలబడవద్దు. లబ్ధి పొందేవాడే అన్నీ చూసుకున్నాడన్నది వీలునామాను పడగొట్టడానికి వాడే మొదటి వాదన. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించమంటాను, మన రెండు రాష్ట్రాలలో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) అక్కరలేదు కనుక తరువాత రెవెన్యూ రికార్డులలో పేరు మార్పు సులువవుతుంది. అమలు చేయడానికి ఒక వ్యక్తిని పేర్కొంటే ఇంకా మేలు. మైనర్ పిల్లలు ఉన్న తల్లులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పిల్లలకు రాసిన ఆస్తిని సంరక్షకుడి హోదాలో చూసుకునే హక్కు వేరుగా ఉంటున్న భర్తకే రావచ్చు. అందుకని ఆస్తిని ఎవరి చేతిలో, ఏ వయసు వరకు ఉంచాలో వీలునామాలోనే రాయాలి.

వీలునామా రాసిన రోజే బ్యాంకు, బీమా, పీఎఫ్ నామినేషన్లు సరిచూసుకోమనండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా పెట్టవచ్చు. విడాకులు వచ్చాయని హిందువుల వీలునామా గాని, బ్యాంకులో ఉన్న పాత నామినేషన్ గాని దానంతట అది రద్దు కాదు. పెళ్లయిన కొత్తలో భర్త పేరు రాసి మరిచిపోయినవి ఉంటే, అవి మార్చేవరకు అలాగే నిలిచి ఉంటాయి.

ఇక మీ తమ్ముడి కేసులో ఈ వారంలో చేయవలసినవి కొన్ని. పరస్పర అంగీకార పిటిషన్ నడుస్తున్న కోర్టులో మరణ ధ్రువపత్రంతో మెమో వేయించండి. మీ మరదలు ఏదైనా మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చునని అనుమానం ఉంటే, మీ తల్లిగారి పేరున సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న ముందస్తు వినతి, వేయండి. అది 90 రోజులు అమలులో ఉంటుంది, ఆ గడువు లోపల రాజీ మాటలు ఒక కొలిక్కి రాకపోతే మళ్లీ వేసుకోవచ్చు. ఫ్లాటు తాళాలు మీ దగ్గరే ఉన్నాయన్నారు కనుక, లోపలి వస్తువులకు పంచనామాలాగా ఒక జాబితా తయారు చేసి, ఫోటోలు తీసి, ఆమె తరఫు వారి సంతకం కూడా తీసుకోండి. ఆమె పెళ్లినాటి నగలు, సామాను ఏవైనా అక్కడ ఉంటే అవి ఆమె స్త్రీధనం, పంపకంతో సంబంధం లేకుండా రశీదు రాయించుకుని ఇప్పుడే ఇచ్చేయండి.